బట్టీ గోడ అవతలి వాల్వు

పిడుగురాళ్ల దగ్గర నుంచి,
ఆదివారం.

అక్కకు, నీ తమ్ముడు దానియేలు వందనాలు.

నేను ప్రాణాలతో ఉన్నాను. ఉత్తరం అనగానే అమ్మ గుండె పట్టుకుంటుంది కాబట్టి ఆ మాట ముందు రాసేస్తున్నాను. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. కుడి పిడికిలి వాచింది, అక్షరాలు వంకర పోతున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ మిరపకోతలు అయ్యాయా? కల్లంలో కాయ ఎండుతున్నన్నాళ్ళు చిన్నదాన్ని అటు పోనివ్వకు, ఘాటుకి దగ్గు అందుకుంటుంది. మీరంతా బాగున్నారని ఒక్క ముక్క రాయి. ఈ సున్నపు ఎండలో నాకు అదే మజ్జిగ.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని తిట్టుకుంటూ ఉంటావు. నా ఫోన్ పోలీస్ స్టేషన్‌లో ఉంది. అందులో ఒక గొడవ వీడియో ఉందని తీసుకున్నారు. అందుకే దర్శి బస్సెక్కుతున్న మనవైపు కూలీ ఒకాయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గొడవలో ఎవరు ఎవర్ని కొట్టారో మన ఊరికి తలా ఒక రకంగా చేరుతుంది. నువ్వు మాత్రం నా నోటి నుంచే వినాలి. నువ్వు ఆశా కార్యకర్తవు, తెల్ల చీరల వాళ్ళ కష్టం నీకు తెలుసు.

ఇక్కడి ఊరు సంగతి ఇంతకుముందే రాశాను. ఇళ్ళు, చెట్లు, కుక్కలు, అన్నీ పిండి చల్లినట్టు ఉంటాయి. పొద్దున లేస్తే నా కనుబొమ్మలు కూడా ముసలాడివిలా తెల్లగా ఉంటాయి. బట్టీల్లో రాయి కాలుతుంది, పక్కనే మిల్లులో ఆ కాలిన రాయి మీద నీళ్ళు కొడతారు. నీళ్ళు తగలగానే రాయి బుసకొట్టి, ఉడికి, పగిలి పిండి అవుతుంది. మనవైపు నుంచి వచ్చిన కూలీలు ఆ పొగలో నిలబడి పార పట్టుకుంటారు. మూతికి కట్టుకున్న తువ్వాలే వాళ్ళ రక్షణ. మెస్‌లో గోంగూర ఉంటుంది గానీ దాన్లో కారం చప్పగా ఉంటుంది, మన పొలం కాయ నలిపి వేసుకోవాలనిపిస్తుంది. సాయంత్రం అయితే మాట్లాడే మనిషి ఉండడు. కూలీ సంఘం కరపత్రాలు చదివినవే మళ్ళీ చదువుతాను. దిగులు పడకు, తింటున్నాను, పడుకుంటున్నాను.

నా పని వసుధ మేడమ్ దగ్గర. ఆమె యూనివర్సిటీ మనిషి. ఆసుపత్రుల వ్యవస్థలో అధికారం ఎవరి చేతిలో ఉంది, పైన రాసిన విధానం కింద ఎవరి మాటకు వంగుతుంది, ఇదీ ఆమె పరిశోధన. కూలీలతో వాళ్ళ యాసలో మాట్లాడ్డానికి నన్ను పెట్టుకుంది. ఆమె పద్ధతి ఇదీ. చాప మీద బొమ్మల అట్టలు పరుస్తాం. డాక్టరు, నర్సు, ఆశా, సర్పంచి, ఎమ్మెల్యే, కలెక్టరు. జనం ముందు రాళ్ళు పోస్తాం. ఆరోగ్యం విషయంలో ఎవరి మాట ఎక్కువ చెల్లుతుందో ఆ బొమ్మ ముందు ఎక్కువ రాళ్ళు పేర్చమంటాం. రాళ్ళు ఏరి తెచ్చింది నేనే. బట్టీ పక్కన పారేసిన సున్నపురాయి ముక్కలు, పిడికిట్లో పట్టేవి. తట్టెడు ఏరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో పెట్టాను.

మొదటి రోజు జనం రాళ్ళన్నీ నర్సు బొమ్మ ముందే పోశారు. గుట్ట అయింది. ఇక్కడి స్టాఫ్ నర్సు షాహినా సిస్టర్ గుమ్మంలో నిలబడి చూసి నవ్వింది.

"నాకింత అధికారం ఉందని నాకే తెలియదే. ఉంటే ముందు ఆ డాక్టరు గార్ని రోజూ ఇక్కడ కూర్చోబెట్టేదాన్ని. ఆయన్ని రెండు ఆసుపత్రులకి పంచారు, మీటింగులకి మిగతాది."

"మందు లేదని చెప్పేది నువ్వేగా సిస్టరమ్మా," అన్నాడు సామ్యేలు. సామ్యేలంటే మన పక్క ఊరివాడే, మిల్లులో పని. వాడి తమ్ముడు ఏసోబు, మరదలు రూతమ్మ కూడా అక్కడే పని చేస్తారు. "లేదనేవాళ్ళదే అధికారం."

బొమ్మల్లో మిల్లు ఓనరు లేడు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి పెద్ద ఆయనే. గోడ మీద దాత అని ఆయన తండ్రి పేరు చెక్కి ఉంది, ఎందుకంటే ఆసుపత్రికి నీళ్ళు ఆయన మిల్లు బోరు నుంచే వస్తాయి. ఓనరు అట్ట ఎందుకు పెట్టలేదని మేడమ్‌తో గొడవ పడ్డాను. "జనం అడిగితే పెడదాం దానియేలూ, మనం చూపించకూడదు," అంది. జనం ఎలా అడుగుతారు? ఆయన మేస్త్రీ కోటయ్య మంచం వేసుకుని పక్కనే కూర్చున్నాడు. లేచి పొమ్మన్నాను. "ఈ మంచం కూడా మా ఓనరు గారిదే అబ్బాయ్. కూర్చుంటావా?" అన్నాడు. ఆ రోజే వాడి దవడ పగలగొట్టాల్సింది. పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

ఇక గొడవ సంగతి. ఎండ నడినెత్తిన ఉంది. నేనూ మేడమ్ వరండాలో ఆడవాళ్ళతో అట్టలు పరిచి కూర్చున్నాం. మాటలు పట్టడానికి నా ఫోన్‌లో వీడియో పెట్టి కిటికీలో నిలబెట్టాను. అదే సమయానికి మిల్లులో ఏసోబు కాలిన రాళ్ళ మీద నీళ్ళు కొడుతుంటే ఒక పెద్ద రాయి పేలింది. ఆవిరి, ఉడుకు సున్నం ఒక్కసారే వాడి ముఖం మీద పడ్డాయి. రెండు కళ్ళలోనూ పడింది.

వాళ్ళు ఏం చేశారో తెలుసా అక్కా? ఆముదం పోశారు. మిరపకోతల్లో చేతులు మండితే నీళ్ళు తగలనివ్వకుండా అమ్మ మనకి ఆముదం రాసేది కదా, అదే వైద్యం. పైగా నీళ్ళు తగిలితే సున్నం ఉడుకుతుందని వాళ్ళు రోజూ కళ్ళారా చూస్తున్నారు. నీళ్ళు పడబట్టే రాయి పేలింది. మరి కంట్లో నీళ్ళు ఎలా పోస్తారు? 108కి కూడా ఫోన్ చెయ్యలేదు. మేస్త్రీకి చెప్పకుండా అంబులెన్సుని పిలిస్తే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు, అది ఇక్కడి కట్టుబాటు. మేస్త్రీ అన్నానికి పోయాడు. అతని కోసం కాచుకుని కాచుకుని, ఆఖరికి సామ్యేలు తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. వెనక మిల్లు మిల్లంతా వచ్చింది.

ఏసోబు అరుపు నీకు ఎలా రాయను. కత్తి సరిగ్గా దిగని గొర్రె అరుపు విన్నావుగా, అలాంటిది. షాహినా సిస్టర్ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, ముఖం మీది సున్నాన్ని పొడిగుడ్డతో దులిపి, రెప్పలు విడదీసి డ్రమ్ములో నీళ్ళు చెంబుతో పోయడం మొదలెట్టింది. కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. డ్రమ్ము అడుగంటింది. అప్పుడు సెలైన్ సీసాలు కోసి పోసింది. పోసినకొద్దీ ఏసోబు ఇంకా అరిచి బల్ల మీద నుంచి ఎగిరి పడుతున్నాడు.

గుంపులోంచి ఎవడో అన్నాడు, "సున్నం మీద నీళ్ళు పోస్తందిరా. కళ్ళు ఉడకబెడతంది."

ఆ మాట చాలింది. సామ్యేలు సెలైన్ స్టాండుని ఒక్క తన్ను తన్నాడు. "పోయబాకు, నా తమ్ముణ్ణి చంపబాకు," అంటూ ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. బయట ఉన్నవాళ్ళకి రాళ్ళు కావాలి. రాళ్ళు నేను తట్టెడు ఏరి సిద్ధంగా పెట్టాను కదా. కిటికీలు పగిలాయి. మందుల బీరువా అద్దం పగిలింది. మేడమ్‌ని లోపలి గదిలోకి తోసి గడియ పెట్టాను. తిరిగి చూసేసరికి ఒక రాయి సిస్టర్ నుదుటి మీద పడింది. రక్తం కంట్లోకి కారింది. ఆమె ఆ కన్ను మూసుకుని, రెండో కన్నుతో ఏసోబు కళ్ళలోకే చూస్తూ పోస్తూనే ఉంది.

సామ్యేలు మళ్ళీ చెయ్యెత్తాడు. నేను వాడి మూతి మీద గుద్దాను. ఉన్న బలమంతా పెట్టి గుద్దాను. పన్ను ఊడి నా పిడికిట్లో గుచ్చుకుంది. వాడు లేస్తే మళ్ళీ గుద్దాను. కూలీల పక్షాన కొట్లాడ్డానికి ఇల్లు వదిలి వచ్చినవాణ్ణి, నా మొదటి దెబ్బ కూలీ మూతి మీద పడింది. ఏ కరపత్రంలోనూ ఈ పేజీ లేదు. అయినా ఆ క్షణం మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే గుద్దుతాను, నీ దగ్గర అబద్ధం ఎందుకు.

సిస్టర్ మా ఇద్దరి మీదా కేకేసింది. "మీరు తర్వాత కొట్టుకు చావండి. నీళ్ళు తెండి. నీళ్ళుంటే ఒక కన్నయినా దక్కుద్ది."

నీళ్ళు ఎక్కడ ఆగాయో నాకు తెలుసు. ఆసుపత్రికి వచ్చే పైపు వాల్వు మిల్లు గోడ అవతల, పంపు గదిలో ఉంటుంది. మిల్లులో నీళ్ళ పని ఎక్కువైతే ఆసుపత్రి వైపు కట్టేస్తారు. దానం ఇచ్చినవాడు వాల్వు ఇవ్వలేదు. గోడ దూకాను. పంపు గదికి తాళం. కోటయ్య మేస్త్రీ అప్పుడే చెయ్యి కడుక్కుని వస్తున్నాడు.

"తాళం తియ్," అన్నాను.

"ఆగబ్బాయ్. ఓనరు గారికి ఫోన్ చేసి అడగనీ."

"అక్కడ మనిషి కళ్ళు పోతన్నాయి."

"అందుకేగా అడిగేది. రేపు నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. ఆ చెవి మీదే కొట్టాను. వాడు కూలబడ్డాడు. పక్కనే గడ్డపార ఉంది. దాంతో తాళం, దాంతో పాటు తలుపు చెక్క కూడా పగలగొట్టి వాల్వు తిప్పాను. పైపు గుర్రుమంది. గోడ మీద నుంచి చూస్తే ఆసుపత్రి కుళాయి ఉమ్మి, దగ్గి, ధారగా పడింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అమ్మకి చెప్పకు.

ఆ తర్వాత రూతమ్మే మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది, సిస్టర్ పోస్తూ ఉంది. ఎంతసేపు పోసిందో, మేడమ్ లోపలి గదిలోంచి ఫోన్ చేసి పిలిచిన అంబులెన్సు వచ్చి ఎక్కించేదాకా పోసింది. గుంటూరు పెద్దాసుపత్రిలో చెప్పారు, ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను నిలుస్తుంది. కడగబట్టి నిలిచిందన్నారు. ఆముదం బదులు మొదట్లోనే నీళ్ళు పోసి ఉంటే రెండూ నిలిచేవేమో. అది తల్చుకుంటే నాకు ఎవర్ని కొట్టాలో తెలియడం లేదు.

మర్నాడు స్టేషన్‌లో నన్నూ సామ్యేలునీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. వాడి మూతి గుమ్మడికాయలా ఉంది. తర్వాత వాడే అన్నాడు.

"ఏరా దానియేలూ, పన్ను ఊడగొట్టావు. ఇప్పుడు వేరుశనక్కాయలు ఎట్టా తినాలి?"

"నమలకుండా మింగు."

"బైబిల్లో దానియేలు సింహాల బోనులో పడ్డా వాటిని కొట్టలేదంట కదరా. నువ్వేందిరా ఇట్టా కొట్టావు?"

"నువ్వు సింహానివా? ఆడమనిషి జుట్టు పట్టుకున్నోడివి."

వాడు తల దించుకున్నాడు. "నాకేం తెలుసురా. నీళ్ళు పోస్తే ఉడకడం నేను రోజూ చూస్తన్నా. నా తమ్ముడి కళ్ళు ఉడుకుతన్నాయనుకున్నా."

సిస్టర్ ఫిర్యాదు ఇచ్చినా ఎస్సై ఇంకా కేసు రాయలేదు. "కమిటీ కూర్చుంటుంది, వాళ్ళేం అనుకుంటారో చూసి రాద్దాం," అన్నాడు. విన్నావా అక్కా. ఆసుపత్రి మీద దాడి జరిగితే కేసు రాయాలో వద్దో కూడా కమిటీ పెద్ద చెప్పాలి. మేడమ్ చాప మీద అట్టల్లో పోలీసు బొమ్మ కూడా లేదు.

కమిటీ వరండాలోనే కూర్చుంది. పగిలిన అద్దాలు ఒక మూలకి ఊడ్చి పెట్టారు. ఓనరు కుర్చీలో, డాక్టరు గారు పక్క కుర్చీలో నేల చూపులు చూస్తూ. సిస్టర్ తలకి కట్టుతో నిలబడే ఉంది, ఎవరూ కుర్చీ వెయ్యలేదు. నేను వేశాను, ఆమె కూర్చోలేదు. ఓనరు కేకలు వేసే రకం కాదు. మెత్తగా మాట్లాడతాడు, పత్తిలో దాచిన రాయిలా.

"జరిగిందేదో జరిగింది. సామ్యేలూ, నువ్వు మా మనిషివి. సిస్టరు గారు సున్నం మీద నీళ్ళు పోశారు, కన్ను పోయింది, కడుపు మండి కొట్టావు. ఆ మాట రాసి నువ్వూ రూతమ్మా సంతకం పెట్టండి. సిస్టరు గారికి బదిలీ అవుతుంది, నీ మీద కేసు ఉండదు. ఏసోబు వైద్యం నేను చూసుకుంటాను. అందరికీ మంచిది." నా వైపు తిరిగి, "ఈ అబ్బాయి సంగతి వేరే," అన్నాడు.

నేను లేచాను. "నీళ్ళు కట్టేసింది నువ్వు," అన్నాను. అండీ లేదు, గారూ లేదు. మేడమ్ నా చొక్కా పట్టుకుని లాగింది. కోటయ్య చెవికి దూదితో ముందుకొచ్చాడు. ఇంకొక్క మాట పెరిగితే మళ్ళీ తలలు పగిలేవే.

అప్పుడు సామ్యేలు సిస్టర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, నేను ఆ సంతకం పెట్టకపోతే, నువ్వు నా మీద కేసు ఎత్తేస్తావా?"

ఎత్తేస్తానంటుందనుకున్నాను. సినిమాల్లో అయితే అంటుంది.

"ఎత్తెయ్యను సామ్యేలూ. నువ్వు నన్ను కొట్టావు. రేపు ఇంకో ఆసుపత్రిలో ఇంకో నర్సుని ఇంకోడు కొడతాడు. కేసు ఉండాల్సిందే. కానీ నేను చేసింది తప్పని మాత్రం రాయబాకు. రాస్తే రేపు ఇంకోడి కంట్లో సున్నం పడినప్పుడు ఏ నర్సూ నీళ్ళు పోయదు. భయపడి ఆముదం పోస్తుంది."

రూతమ్మ చాప మీద మూలన పడి ఉన్న మా బొమ్మల అట్టలు చూస్తోంది. నర్సు బొమ్మ ముందు ఇంకా కొన్ని రాళ్ళు మిగిలే ఉన్నాయి. వంగి వాటిని కొంగులోకి ఏరుకుంది. ఓనరు కాళ్ళ ముందుకి వచ్చి కొంగు విదిలించింది. రాళ్ళు ఆయన చెప్పుల మీద దొర్లాయి.

"ఇవి మీవేనయ్యా," అంది. అంతే అంది.

సామ్యేలు ఓనరు చాచిన కలం తీసుకోలేదు. "కొట్టింది నేను. ఆమె తప్పు లేదు. నీళ్ళు లేవు. ఎస్సై గారికి ఈ మూడు మాటలూ నేనే చెప్పుకుంటా," అని తనంతట తానే స్టేషన్ వైపు నడిచాడు. నేను వెనక వెళ్ళాను. స్టేషన్ మెట్ల దగ్గర ఆగి, "మా అమ్మకి తమ్ముడి సంగతి చెప్పు, నా సంగతి తర్వాత చెప్పు," అన్నాడు. వాడు ఇప్పుడు సబ్ జైల్లో ఉన్నాడు.

నా మీద కూడా కేసు రాశారు. తాళం పగలగొట్టినందుకు, కోటయ్యని కొట్టినందుకు. నోటీసు ఇచ్చి పంపారు, పిలిచినప్పుడల్లా వెళ్ళాలి. మేడమ్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు గానీ, "నువ్వు కొట్టకుండా వాల్వు తిప్పించే దారి ఒక్కటన్నా ఉందేమో ఆలోచించు," అంది. ఆలోచిస్తున్నాను అక్కా. నిజంగానే ఆలోచిస్తున్నాను. ఇంతవరకు దొరకలేదు. ఆమె కూడా తన అట్టల్ని ముందేసుకుని కూర్చుంటోంది. నిన్న తెల్ల అట్ట మీద ఒక వాల్వు బొమ్మ గీసి చాప మీద పెట్టింది.

ఇక నీకు రెండు పనులు. మీ సబ్‌సెంటరుకి కోల్డ్ స్టోరేజీ ఆయన బోరు దానం చేస్తున్నాడని, దండ నువ్వే వెయ్యాలన్నారని కిందటిసారి ఫోన్‌లో మురిసిపోతూ చెప్పావు. వెయ్యి. నీళ్ళు తీసుకోండి, నీళ్ళతో పంతం ఎందుకు. కానీ దండ మెళ్ళో పడకముందే, అందరూ వింటుండగా, వాల్వు సబ్‌సెంటరు గోడ లోపల పెట్టించమని అడుగు. తాళంచెవి మీ సబ్‌సెంటరు సిస్టర్ దగ్గర ఉండాలని అడుగు. కోపం వద్దు, నాలా వద్దు. నవ్వుతూనే అడుగు, నీకు చేతనవును. అలాగే మిరప కల్లాల్లో ఆడవాళ్ళకి చెప్పు, చేతులకి ఆముదం సరే, కంట్లో ఏం పడ్డా నీళ్ళే, ఆగకుండా నీళ్ళే అని.

రెండోది బావతో. కోర్టులో బెయిలు వస్తే జామీను ఉండటానికి పొలం పాస్‌బుక్ ఉన్న మనిషి కావాలి. సామ్యేలు వాళ్ళకి సెంటు భూమి లేదు. బావ ఒక్కరికే జామీను ఉండగలిగితే నాకొద్దు, వాడికి ఉండమను. ఎందుకని బావ అడిగితే, నేను వాడి పన్ను ఊడగొట్టాను, అందుకని చెప్పు. ఇంకా అడిగితే, వాడు అబద్ధం మీద సంతకం పెట్టి ఇంటికి పోగలిగి కూడా పోలేదని చెప్పు.

అమ్మని కంగారు పెట్టకు. ప్రార్థనలో నా పేరు తలుస్తుందని తెలుసు, తలవనీ. దాంతో పాటు ఏసోబు కుడి కన్నునీ, షాహినా సిస్టర్ నుదుటినీ తలుచుకోమను. పాస్టరు గారికి, మన వీధిలో పెద్దలందరికీ నా వందనాలు. చిన్నదానికి ముద్దులు, మిరప చేతులతో కళ్ళు నులుముకోవద్దని చెప్పు.

వాచిన చేత్తో, మీ దీవెన కోరుతూ,
నీ తమ్ముడు
దానియేలు